సున్న రాసిన రాత్రి

పొద్దు గూకినాక మోకాలి దాకా ప్యాంటు మడిచి
దొరసానమ్మ కొట్టంలో నులకమంచం మీద కూచుంటాను.
ఇదే నా ఉద్యోగం: కాలు చాపడం.
ఎడమచేతిలో టార్చి, నోట్లో రబ్బరు గొట్టం.
దోమ వాలాల. ముల్లు దించేలోపల
ఒక్క గుక్కలో గాజులోకి లాగాల,
కాగితం కప్పులోకి ఊది మీద గంట రాయాల.
పదారేళ్ళుగా గవర్నమెంటుకు
నేను బాడుగకిచ్చింది రెండు పిక్కలు.

మా చంద్రగిరి తట్టు దోమకు వాచీ లేదు గానీ
వేళ తప్పదు.
మార్గశిరంలో మంచు దిగుతాదని దానికి ముందే తెలుసు,
ఏడింటికే వచ్చి తొమ్మిదికల్లా కానిచ్చుకుంటాది,
పత్యం తినే ముసిలోళ్ళ మాదిరి.
చిత్తిర నెల్లో బండలు చల్లారేదాకా జాడుండదు,
సెకండ్ షో ఇడిసినాక జనంలాగా
ఒంటిగంట దాటి గుంపుగా దిగుతాది.
తొట్టికాడ చారల కాళ్ళదానికి పగటి డ్యూటీ.
నడిమద్యానం జోరీగది:
ఎండ ఎంత కాలితే ఆవు తోక అంత ఆడుతాది,
మబ్బు కమ్మితే ఆగుతాది.
ఒకే ఆవు, ఒకే మనిషి.
మిల్లులో మాదిరి షిఫ్టులేసి పంచుకున్నాయి.

కుట్టేదంతా ఆడదేనని ఒకసారి చెప్తే
దొరసానమ్మ పాలు పిండడం ఆపకుండానే అడిగింది:
"గుడ్లు పెట్టేదానికి నెత్తురు కావాల్నా?"
"కావాల."
"మొగది ఏం తింటాది?"
"పూల తేనె. ఆకుల పసరు."
"ఊ" అనింది.
ఆ తర్వాత చాలాసేపు
చెంబులో పాలధార చప్పుడే.

రిజిస్టరులో ఏడు గళ్ళు:
గంట, దోమలు, వేడి, తేమ, గాలి, చంద్రుడు, రిమార్కులు.
తేమ కోసం తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు.
గాలి కోసం మాత్రం ఏమీ ఇయ్యలేదు,
అగ్గిపుల్ల గీసి చూసుకోవాల.

ఆ కార్తీకంలో నెల్లూరు పక్క వాయుగుండం.
కొట్టం మీద రేకులు లేచి లేచి పడతాండాయి.
ఆరు పుల్లలు గీస్తే ఒకటీ వెలగలా.
ఏడు నుంచి ఎనిమిది: సున్న.
ఎనిమిది నుంచి తొమ్మిది: సున్న.
టార్చి వెలుగులో నా కాలు,
ఎవరూ బేరమాడని సంత సరుకు.
నడిరేత్రికి చెంగల్రాయులు తడిసి ముద్దై వచ్చినాడు,
ఆయన పిక్కకూ సున్నే.
తెల్లారుజామున చూస్తే
ఆవు మెడ నేలకానించి, తోక మడుచుకొని,
కండ్లు మూసుకొని ఉండాది.
"పలమనేరు సంతలో కొన్నప్పట్నుంచి
ఇది ఇట్ల నిద్రపోంగా నేను చూడలా"
అని దొరసానమ్మ గుమ్మంలోనే నిలబడిపొయింది,
చెంబు పట్టుకొని, లేపేదానికి మనసు రాక.

తిరుపతి ఆఫీసులో సారు
పన్నెండు సున్నలకూ ఎర్రపెన్నుతో చుట్టలు చుట్టినాడు.
"ఇద్దరూ పండుకున్నారా?"
"గాలి సార్."
"గాలికి సాక్షి ఎవురు?"

మరుసటి దినం పాలకేంద్రం చీటీ తెచ్చి
రిమార్కుల గడి మీద పిన్ను కొట్టినాను:
దొరసానమ్మ, పొద్దున పూట,
ఎప్పటికంటే ముప్పావు లీటరు ఎక్కువ.
సారు చీటీని తిప్పి చూసినాడు, వెనకాల ఏముందోనని.
మళ్ళీ అడగలేదు. చుట్టలు చెరపనూ లేదు.

వాన వెలిసిన పదకొండో రాత్రి
ప్రతి గిట్ట గుంతలో నీళ్ళు,
గాలి బొత్తిగా లేదు. పుల్ల నిటారుగా వెలిగింది.
తొమ్మిది నుంచి పదిలోపల అరవై మూడు.
కప్పులు చాలక చెంగల్రాయులు ఈల వేసినాడు.
చీకట్లో ఆవు తోక మొదలుపెట్టింది.

నాకు చెప్పుకోను సిగ్గు గానీ,
ఇప్పటికీ ఈదరగాలి లేచిన రాత్రి
ఇంట్లో, తెరలో, నా మంచం మీదే పండుకున్నా
పిక్కలు మేలుకొనుంటాయి,
రావాల్సినోళ్ళు రాలేదని.